పదహారు రోజుల సేవకు అమ్మ చీటీ ఎత్తాలా?

ప్రశ్న: అమ్మా, వందనాలు. నాకు 26 ఏళ్లు. సికింద్రాబాద్‌లో ఒక ప్రైవేటు హాస్పిటల్లో స్టాఫ్ నర్సుని. చిన్నప్పటి నుంచి సండే స్కూల్, యూత్, క్వయర్ అన్నీ ఒకే సంఘంలో. ఈ డిసెంబరులో మా సంఘం నుంచి 14 మంది కెన్యాకు, కిసుము దగ్గర పల్లెలకు, 16 రోజుల మిషన్ ట్రిప్ వెళ్తున్నారు. మెడికల్ క్యాంపు, పిల్లలకు వీబీఎస్ (సెలవుల్లో పెట్టే బైబిల్ తరగతులు), ఒక అనాథాశ్రమంలో మూడు రోజుల సేవ, ఒక స్కూలుకు రంగులు వేయడం. మనిషికి 1,85,000 రూపాయలు. అందులో లక్ష బంధువులకు, తెలిసినవాళ్లకు ఉత్తరాలు రాసి సమకూర్చుకోవాలి, మిగతాది సొంతం. అమ్మ నా పెళ్లి కోసం కడుతున్న చీటీ ఎత్తి ఆ 85 వేలు కడదామంటే ఆమె ఒప్పుకోవడం లేదు. అన్నయ్యేమో 'సఫారీకా, సేవకా? ఇక్కడ పేదలు లేరా?' అని ఎగతాళి చేస్తున్నాడు. పాస్టరు గారు 'పిలుపు వచ్చాక వెనక్కి చూడకూడదు' అంటున్నారు. వచ్చే ఏడాది నేపాల్ ట్రిప్ కూడా ఉందట. ఇది నిజంగా పిలుపో, విమానం ఎక్కాలన్న ఆశో నాకే తెలియడం లేదు. ఒకటే టెన్షన్. ఈ నెలాఖరులోగా పాతిక వేలు అడ్వాన్సు కట్టాలి.
– ఒక పాఠకురాలు, మల్కాజిగిరి

జవాబు: తల్లీ, నీ ఉత్తరం చివరి నుంచి మొదలుపెడతాను. విమానం ఎక్కాలని ఆశపడటం తప్పేం కాదు. నైట్ డ్యూటీలు చేసి చేసి, ఒక్కసారైనా లోకం చూసి రావాలని ఎవరికుండదు? ఆ ఆశకి 'పిలుపు' అని పేరు పెట్టి అమ్మ నోరు మూయించినప్పుడే చిక్కు. ఆశని ఆశ అనే అను. మిగతాది తేల్చుకోవడం తేలికవుతుంది.

నా సంగతి కూడా చెప్పాలి, లేకపోతే ఒడ్డున కూర్చుని మాట్లాడినట్టుంటుంది. టీచరు ఉద్యోగంలో ఉండగా నేనూ ఒక బృందంతో కెన్యా వెళ్లాను, 12 రోజులు. అంతకుముందు తార్నాకలో ఒక చర్చి హాల్లో మూడు నెలలు యాక్షన్ సాంగ్స్ ప్రాక్టీసు చేశాం. చేతులు ఎప్పుడెత్తాలి, ఎప్పుడు గిర్రున తిరగాలి, అంతా. తీరా అక్కడ చెట్టు కింద మొదటి పాట ఎత్తుకున్నామో లేదో, రెండో వరుసలో ఓ పిల్ల, తొమ్మిదేళ్లుంటాయేమో, మాకంటే ముందే చేతులు పైకెత్తేసింది. పాట అయ్యాక లేచి ముందుకొచ్చి, దీనికే కొరియా వాళ్లు ఇలా చేస్తారు, అమెరికా వాళ్లు ఇలా చేస్తారు అని రెండు రకాలూ చేసి చూపించింది. మావాళ్లంతా చప్పట్లు కొట్టారు. నాకు మాత్రం తల కొట్టేసినట్టయింది. మేం బయల్దేరే ముందు రోజు ఆ పిల్ల తన నోట్‌బుక్ వెనక అట్ట మీద మా పేర్లు రాసుకుంది. అప్పటికే అక్కడ బోలెడు పేర్లున్నాయి. "మళ్లీ ఏ నెలలో వస్తారు?" అని అడిగింది. వస్తాం అన్నాం, తొమ్మిది మందిమీ. ఒక్కరమూ వెళ్లలేదు.

అదే ట్రిప్పులో ఇంకో సాయంత్రం. మమ్మల్ని తన ఇంట్లో పెట్టుకున్న ఆవిడ పొయ్యి దగ్గర ఉగాలి కెలుకుతోంది. ఉగాలి అంటే మరేం లేదు, మొక్కజొన్న పిండి సంకటి. నేనూ చేస్తానని కర్ర గరిటె తీసుకున్నాను. నాలుగు తిప్పులకే భుజం పట్టేసింది. ఆవిడ పగలబడి నవ్వి గరిటె లాక్కుంది. కూర ఒమేనా. విక్టోరియా సరస్సులో దొరికే వేలెడంత చేపలు, ఎండబెట్టినవి. వాసన అచ్చం మన బేగంబజారులో ఎండుచేపల కొట్టు ముందు నిలబడ్డట్టే. తింటూ తన కోడలి మీద ఫిర్యాదులు మొదలుపెట్టింది. భాష సగమే అర్థమైంది గానీ విషయం మొత్తం అర్థమైంది, ఎందుకంటే మా అత్తగారు నా మీద చెప్పినవీ అవే. ఆ సాయంత్రం నేను ఎవరికీ ఏ సేవా చేయలేదు. మా ప్రోగ్రాం కాగితంలో ఆ సాయంత్రానికి ఎదురుగా 'విశ్రాంతి' అని ఉంది.

ఇక నీ ట్రిప్పు. నేనైతే మీ పాస్టరు గారిని ముందు ఒకటే అడుగుతాను: మిమ్మల్ని రమ్మన్నదెవరు? కెన్యాలో 2019 జనాభా లెక్కల్లో నూటికి 85 మంది తాము క్రైస్తవులమని రాయించుకున్నారు. మన దేశంలో 2011 లెక్కల ప్రకారం ఆ సంఖ్య నూటికి మూడు కూడా లేదు. మల్కాజిగిరి నుంచి కిసుముకి సువార్త మోసుకెళ్లడమంటే తాతకు దగ్గులు నేర్పడమే. వాళ్ల సంఘాలకు మనవాళ్లతో పనే లేదని నేననను. ఏం పని, ఎంతమంది, ఎన్నాళ్లు అన్నది వాళ్లు చెప్పాలి. అలా చెబుతూ అక్కడి సంఘం రాసిన ఉత్తరం ఏదైనా ఉందేమో చూపించమను. ప్లానంతా సికింద్రాబాద్‌లో వేసుకుని, మేం వస్తున్నాం అని కబురు పెడితే, వాళ్లు రమ్మనే అంటారు. చుట్టాలు వస్తామంటే మనం వద్దంటామా? మంచాలు ఇచ్చేసి మనమే కింద పడుకుంటాం.

నువ్వు నర్సువి కాబట్టి మెడికల్ క్యాంపు సంగతి కాస్త ఎక్కువే మాట్లాడాలి. కెన్యాలో నర్సులకు కరువు లేదు, నర్సు పోస్టులకు కరువు. చదువుకుని ఉద్యోగం దొరకని వాళ్లను ఇంగ్లండు ఆసుపత్రులకు పంపడానికి 2021లో ఆ ప్రభుత్వం బ్రిటన్‌తో ఒప్పందమే చేసుకుంది. మన అమ్మాయిలు గల్ఫ్‌కీ లండన్‌కీ వెళ్లినట్టే వాళ్లూ వెళ్తున్నారు. అలాంటి చోట నువ్వు సూది పట్టుకోవాలంటే అక్కడి నర్సింగ్ కౌన్సిల్ అనుమతి ఉండాలి. ఇక్కడ నీ రిజిస్ట్రేషన్ అక్కడ చెల్లదు. మీ టీములో ఎవరైనా ఆ అనుమతి కోసం దరఖాస్తు పెట్టారా? పెట్టకపోతే నిన్ను మెడికల్ టీములో వేసినవాళ్లకు ఆ పని గురించి తెలియదన్నమాట.

అనుమతి వచ్చిందే అనుకుందాం. క్యాంపుకి ఒకావిడ వస్తుంది. బీపీ 170/100. అమ్లోడిపిన్ పది మాత్రలు ఇస్తావు. పదకొండో రోజు ఆవిడ ఏం వేసుకోవాలి? ఈ ప్రశ్న నీ వార్డులో డిశ్చార్జ్ కాగితం రాసేటప్పుడు రోజూ అడుగుతావు కదా, ఇక్కడెందుకు అడగలేదు? ఆ ఊరి హెల్త్ సెంటర్ నర్సు క్యాంపులో నీ పక్కన కూర్చుని, రిజిస్టర్ తన దగ్గరే ఉంచుకుని, మందులు అక్కడే కొని, మీరు వెళ్లిపోయాక ఆవిడే చూసుకునేట్టయితే ఆ క్యాంపుకి అర్థముంది. డిచ్‌పల్లిలో 1915లో కుష్టు ఆసుపత్రి పెట్టిన ఇసబెల్ కెర్ డాక్టరమ్మ స్కాట్లాండ్ నుంచి పదహారు రోజులకని రాలేదు. ఏళ్లకేళ్లు ఉండిపోయింది.

భయపెట్టాలని కాదు గానీ ఇంకోటీ తెలుసుకో. కిసుము ఉన్న ఆ విక్టోరియా సరస్సు ఒడ్డునే, సరిహద్దు దాటితే ఉగాండాలో జింజా అనే ఊరుంది. వైద్యం చదవని ఒక అమెరికా అమ్మాయి దేవుడు పిలిచాడని ఇరవై ఏళ్లకే అక్కడికెళ్లి, తిండిలేక చిక్కిపోయిన పిల్లల కోసం కేంద్రం పెట్టింది. ఆ కేంద్రంలో వందకు పైగా పిల్లలు చనిపోయారు. ఆమే స్వయంగా వైద్యం చేసిందని ఆరోపిస్తూ 2019లో ఇద్దరు తల్లులు కోర్టుకెక్కారు. మరుసటి ఏడాది, తప్పు ఒప్పుకోకుండానే, డబ్బు ఇచ్చేలా రాజీ కుదిరింది. ఆ అమ్మాయి చెడ్డదని నేననుకోను. పిలుపు అన్న మాట వినగానే చుట్టూ ఉన్నవాళ్లెవరూ 'నీకు ఈ పని వచ్చా?' అని అడగలేదు, అంతే.

అనాథాశ్రమం మూడు రోజులకు మాత్రం నేను ఒప్పుకోను. అసలు వెళ్లొద్దు. అనాథాశ్రమాల్లో ఉండే పిల్లల్లో చాలామందికి తల్లో తండ్రో బతికే ఉంటారు. కంబోడియాలో యూనిసెఫ్ చూపించిన లెక్కలో నలుగురిలో ముగ్గురు అలాంటివాళ్లే. పేదరికం వల్ల పంపేస్తారు, చూడవచ్చే విదేశీయుల డబ్బు వల్ల ఆశ్రమాలు వాళ్లను పంపకుండా ఉంచుకుంటాయి. కెన్యా ప్రభుత్వం 2017లో కొత్త ఆశ్రమాల రిజిస్ట్రేషనే ఆపేసింది, పిల్లల్ని కుటుంబాల్లోకి చేర్చే పని పెట్టుకుంది. మీరు మూడు రోజులు ఎత్తుకుని ముద్దుచేసి నాలుగో రోజు బస్సెక్కుతారు. వెనక్కి తిరిగి చూస్తే గేటు పట్టుకుని ఏడుస్తుంటారు. ఆ ఏడుపుని మనవాళ్లు 'ఎంత ప్రేమో చూడండి' అని సాక్ష్యంలో చెప్పుకుంటారు. ఫోటోల సంగతీ అంతే. మీ హాస్పిటల్లో పిల్లల వార్డులో పేషెంటు ఫోటో తీసి స్టేటస్ పెడితే సిస్టర్ ఇన్‌ఛార్జి ఊరుకుంటుందా? కిసుములో పిల్లలకైనా అదే రూలు.

రంగుల గురించి ఏం చెప్పను, కిసుములో పెయింటర్లున్నారు.

డబ్బు దగ్గరికొద్దాం. 14 మందికి 1,85,000 చొప్పున 25,90,000 రూపాయలు. ఇందులో టికెట్లకెంత, బసకెంత, చివరికి అక్కడి సంఘం చేతిలో పడేదెంత? ఒక కాగితం మీద రాసివ్వమని అడుగు. ఇది అనుమానం కాదు, కానుక ఇచ్చేవాళ్లకు ఉండే హక్కు. నువ్వు బంధువులకు రాసే ఉత్తరంలోనూ ఆ లెక్క ఉండాలి. 'ఆఫ్రికా పేద పిల్లల కోసం' అని రాసి, ఆ డబ్బుతో నీ విమానం టికెట్ కొంటే అది అబద్ధం కిందికే వస్తుంది. 'నేను వెళ్లి చూసి నేర్చుకోవడానికి సాయం చెయ్యండి' అని రాయి. నా అనుభవంలో ఇచ్చేవాళ్లు దానికీ ఇస్తారు, కాకపోతే కొంచెం తక్కువ ఇస్తారు.

సేవనీ సువార్తనీ ఎలా కలుపుతున్నారో కూడా కనుక్కో. మందుల లైన్లో నిలబడాలంటే ముందు ప్రసంగం వినాలనే పద్ధతి చాలా క్యాంపుల్లో ఉంటుంది. ఈ విషయంలో మనకు మన నేల మీదే ఒక పాఠం ఉంది. 1876లో ధాత కరువు వచ్చినప్పుడు ఒంగోలులో అమెరికా బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని జనానికి పని చూపించాడు. ఊరికే పెట్టిన తిండి కాదు, కూలి డబ్బులు. బాప్తిస్మం ఇమ్మని గుంపులు గుంపులుగా వచ్చినా, కరువు సాయం నడుస్తున్నన్నాళ్లూ ఇవ్వనన్నాడు. తిండి కోసం వచ్చారన్న మాట పడకూడదని. సాయం ఆగాకే ఇచ్చాడు, 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మందికి. తర్వాత కూడా జనం అనాల్సింది అన్నారు, అది వేరే సంగతి. ఆయన గీసుకున్న గీత మాత్రం గట్టిది. మీ టీము అలాంటి గీత ఏదైనా గీసుకుందా?

ఇంకో మాట డోర్నకల్‌ది. అజరయ్య గారని, తర్వాత 1912లో బిషప్ అయ్యారు, ఆంగ్లికన్ సంఘంలో భారతీయుల్లో మొదటి బిషప్. తిరునల్వేలి తమిళాయన, మన దగ్గరికి మిషనరీగా వచ్చి తెలుగు నేర్చుకున్నారు. 1910లో ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీల మహాసభ జరిగితే, అక్కడ తెల్లవాళ్ల ముందు నిలబడి, మీరు మాకోసం ఆస్తులిచ్చారు, ప్రాణాలిచ్చారు, మాకు ప్రేమ కూడా కావాలి, స్నేహితులను ఇవ్వండి అని అడిగారు. సభలో చాలామందికి అది మింగుడుపడలేదు. అప్పుడు అడిగే వరుసలో ఉన్నది మనం. ఇప్పుడు సూట్‌కేసులతో దిగే వరుసలోకి వచ్చాం. ఆ మాట చదివినప్పుడల్లా నాకు ఆ పొయ్యి దగ్గరి గరిటె గుర్తొస్తుంది.

మీ అన్నయ్యకి జవాబు సులువు. 'ఇక్కడ పేదలు లేరా' అనేవాళ్లు ఇక్కడి పేదలకు ఏం చేస్తున్నారో నవ్వుతూనే అడుగు. సాధారణంగా ఏమీ చేయరు. ఊళ్లో సేవ, విదేశంలో సేవ ఒకదానికొకటి పోటీ కావు. అయినా అతని మాటలో ఒక ముల్లుంది, అది గుచ్చుకోవాలి కూడా. మీ యూత్‌లో ఆ 14 మందీ కలిసి మల్కాజిగిరిలో ఏ బస్తీకైనా వరసగా ఆరు నెలలు వెళ్లారా? వెళ్లి ఉంటే కిసుములో ఎలా మసలుకోవాలో మీకు సగం తెలిసినట్టే. వెళ్లకపోతే పాస్‌పోర్టు మీద స్టాంపు పడినంత మాత్రాన తెలిసిపోదు.

పాస్టరు గారు చెప్పిన, నాగలి మీద చెయ్యి వేశాక వెనక్కి చూడకూడదన్న వాక్యం లూకా తొమ్మిదో అధ్యాయంలోది. అదే లూకా పద్నాలుగులో, గోపురం కట్టాలనుకున్నవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకోడా అని కూడా ఉంది. రెండూ చెప్పింది ఒక్కరే. మర్యాదగా గుర్తు చెయ్యి. లెక్కలు అడిగినందుకు నీ విశ్వాసాన్ని శంకించే పాస్టరు అయితే, ఆయన వెంట పరాయి దేశం వెళ్లడం గురించి మళ్లీ ఆలోచించుకో. చాలామంది అలా ఉండరు, సంతోషంగానే చెబుతారు.

నేపాల్ సంగతి క్లుప్తంగా. వీసా అక్కర్లేదు, చవక, అందుకని మన సంఘాలకు అదంటే మోజు. కానీ అక్కడి రాజ్యాంగమే మతం మార్పించడాన్ని నిషేధించింది. 2018లో అమల్లోకి వచ్చిన శిక్షాస్మృతి ప్రకారం అయిదేళ్ల దాకా జైలు, 50,000 నేపాలీ రూపాయల దాకా జరిమానా, విదేశీయులైతే శిక్ష అయ్యాక దేశం నుంచి పంపేస్తారు. కరపత్రాలు బ్యాగులో వేసుకుని టూరిస్టుల్లా వెళ్దామనే ప్లానైతే నువ్వు తప్పుకో. నీకంటే ఎక్కువ, మీకు ఆశ్రయమిచ్చిన ఆ ఊరి విశ్వాసి ఇరుక్కుంటాడు. మీరు బోర్డర్ దాటి వచ్చేస్తారు, అతను ఎక్కడికి పోతాడు?

ఇవన్నీ తేలి, కెన్యా వెళ్లడమే అయితే, ఎల్లో ఫీవర్ సూది ముందు. కెన్యా నుంచి తిరిగొచ్చేటప్పుడు ఆ సూది వేయించుకున్నట్టు ఇచ్చే పసుపు కార్డు లేకపోతే మన ఎయిర్‌పోర్టులోనే ఆపి ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టొచ్చు. సూది వేయించుకున్న పదో రోజు నుంచే అది చెల్లుతుంది, తర్వాత జీవితాంతం పనికొస్తుంది. నారాయణగూడలో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో వేస్తారు, ఏ రోజుల్లో వేస్తారో కనుక్కుని వెళ్లు. కోడిగుడ్డు ఎలర్జీ ఉంటే ముందే చెప్పు. కిసుము వైపు మలేరియా ఎక్కువ. తిరిగొచ్చాక కూడా మాత్రలు కొనసాగించాలి, రకాన్ని బట్టి వారమో నాలుగు వారాలో, అది నీకు నేను చెప్పక్కర్లేదు. మలేరియాకి దోమే కారణమని రొనాల్డ్ రాస్ పట్టుకున్నదే మన సికింద్రాబాద్‌లో, 1897లో. సికింద్రాబాద్ నర్సు దోమతెర లేకుండా పడుకుని జ్వరంతో దిగితే బాగోదు. కెన్యాకి ఇప్పుడు వీసా బదులు ఆన్‌లైన్‌లో ఈటీఏ అనే ముందస్తు ప్రయాణ అనుమతి తీసుకోవాలి. వెళ్లే పని ఏంటో అందులో ఉన్నదున్నట్టు రాయించు, సేవకు వెళ్తూ టూరిజం అని రాయించొద్దు. పాస్‌పోర్టు టీము లీడరు బ్యాగులో కాదు, నీ దగ్గరే ఉండాలి.

నెలాఖరు గడువు చూసి కంగారుపడి పాతిక వేలు కట్టకు. ముందు మూడు కాగితాలు అడుగు: అక్కడి సంఘం రాసిన ఉత్తరం, ఖర్చు లెక్క, నర్సింగ్ కౌన్సిల్ అనుమతి. అవి వచ్చి, ఆశ్రమం ప్రోగ్రాం తీసేస్తే వెళ్లు, నేనూ సంతోషిస్తాను. అనుమతి ఒక్కటి రాకపోతే సూది జోలికి పోకుండా, క్యాంపులో రిజిస్టర్ రాసే పనికి కూర్చో. ఉత్తరమే లేదంటే ఈసారికి ఆగు. కట్టే డబ్బు నీ జీతంలోంచి కట్టు, చాలకపోతే ఏడాది దాచుకుని వచ్చే బృందంతో వెళ్లు. చీటీ అమ్మ కట్టుకుంటున్నది, నీ పెళ్లికైనా మరి దేనికైనా ఎప్పుడు ఎత్తాలో ఆవిడే చూసుకుంటుంది. ఈ జవాబు ఆవిడకి చదివి వినిపించు, పాస్టరు గారి పేరా కొంచెం మెల్లగా చదువు. కిసుములో ఎవరైనా ఉగాలి గరిటె చేతికిస్తే మాత్రం వద్దనకు, భుజం జాగ్రత్త.